ఫుటాబా జివై401 టెయిల్ గైరో: అసలు విలువ నార్మల్ మోడ్‌లోనే

హెలికాప్టర్ తోకను నిలకడగా పట్టి ఉంచే ఫుటాబా జివై401 గైరో తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. అయినా రేడియో కంట్రోల్ హెలికాప్టర్లు ఎగరేసేవారి మధ్య అది ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. పాత మోడల్‌ను తిరిగి ఎగిరే స్థితికి తెచ్చుకునేవారు గాని, ఫ్లైబార్ (ప్రధాన రోటర్‌ను నిలకడగా ఉంచే అడ్డకడ్డీ) ఉన్న హెలికాప్టర్‌తోనే నేర్చుకోవాలనుకునేవారు గాని ఏదో ఒక రోజున ఈ చిన్న నల్లని పెట్టె ముందు కూర్చోక తప్పదు. దీన్ని మెచ్చుకునేవారందరూ హెడింగ్ హోల్డ్ గురించే మాట్లాడతారు. స్టిక్ వదిలేసిన క్షణాన ముక్కు ఎటు ఉందో అటే నిలిచిపోవడం, పక్కగాలి తోసినా తోక కదలకపోవడం చూసినవారికి ఆ మెప్పు సహజమే. నా దృష్టిలో మాత్రం ఈ గైరోలో అన్నిటికన్నా విలువైనది ఆ హెడింగ్ హోల్డ్‌ను ఒక్క స్విచ్చితో పక్కన పెట్టి, మామూలు గైరోగా ఎగరేసి చూసుకునే వీలు. అమరిక సరిగ్గా ఉందో లేదో నిజం చెప్పేది ఆ నార్మల్ మోడ్ ఒక్కటే. దాన్ని దాటవేసినవారే ఎక్కువగా గైరో బాగాలేదని తీర్మానిస్తుంటారు.

మోడల్ హెలికాప్టర్లలో చాలావాటి ప్రధాన రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. దానికి ప్రతిచర్యగా దేహం ఎదురు దిశలో తిరగజూస్తుంది, అంటే ముక్కు ఎడమకు పోతుంది. తోక రోటర్ దాన్ని నిరంతరం ఆపుతూ ఉండాలి. పైలట్ పవర్ పెంచినా తగ్గించినా ఈ ఎదురుతిప్పుడు మారిపోతుంది కనుక తోక బ్లేడ్ల కోణం కూడా అదే క్షణంలో మారాలి. ఆ పని మనిషి బొటనవేలికి సాధ్యమే గాని సుఖం కాదు. అందుకే రేడియో ఆజ్ఞలు అందుకునే రిసీవర్‌కూ, తోక బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటారైన సర్వోకూ మధ్య గైరో వచ్చింది. తొలి రోజుల్లో అది లోపల చిన్న మోటారుతో చక్రం తిరిగే బరువైన యంత్రం. తరువాత పీజో సెన్సర్లు, ఆ పైన సిలికాన్ సెన్సర్లు వచ్చాయి. జివై401 ఈ మూడో తరానికి చెందినది. హెడింగ్ హోల్డ్‌కు ఫుటాబా పెట్టుకున్న పేరు ఏవీసీఎస్. నార్మల్ మోడ్‌లో గైరో తిరుగుడు వేగాన్ని మాత్రమే అణుస్తుంది, జరిగిపోయిన తిరుగుడును గుర్తుపెట్టుకోదు. ఏవీసీఎస్‌లో ఎంత కోణం తప్పిందో లెక్క పెట్టుకుని, ఆ లెక్క తీరేదాకా సర్వోను తోస్తూనే ఉంటుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే దీని అమరికలో వచ్చే చిక్కుముడులు సగానికి పైగా వాటంతటవే విడిపోతాయి.

పెట్టె పొడవూ వెడల్పూ 27 మిల్లీమీటర్లు, ఎత్తు 20, బరువు 27 గ్రాములు. సెన్సరూ సర్క్యూటూ ఒకే గూటిలో ఉంటాయి. దీనికి పై మెట్టుగా వచ్చిన జివై601లో సెన్సర్ వేరు, కంట్రోలర్ వేరు, దానికి ప్రత్యేకమైన సర్వో కావాలి. కింది మెట్టు జివై240లో గెయిన్‌ను, అంటే గైరో ఎంత బలంగా దిద్దాలనేదాన్ని, ట్రాన్స్‌మిటర్ నుంచి మార్చే వైరే లేదు. జివై401 ఈ రెండింటి నడుమ నిలిచి, కావలసినంతే ఇచ్చి ఊరుకుంది. దిశ మార్చే స్విచ్చి ఒకటి, డిజిటల్ సర్వోకు డీఎస్ అనే స్విచ్చి ఒకటి, లిమిట్, డిలే అనే రెండు చిన్న తిరుగుడు మరలు, ఒక ఎర్ర దీపం. అంతే. కంప్యూటర్‌కు తగిలించి పదుల కొద్దీ అంకెలు మార్చే నేటి పరికరాలకు అలవాటు పడ్డవారికి ఇది పేదగా కనిపించవచ్చు. తిప్పడానికి మరలు తక్కువ కావడం వల్లనే తప్పు ఎక్కడుందో వెతికే చోట్లు కూడా తక్కువవుతాయని నేను అంటాను. మరలను తిప్పడానికి పెట్టెతో వచ్చే సన్నని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌నే వాడాలి. ఆ మరలు పూర్తి చుట్టు తిరగవు. ఇనుప మొనతో చివర దాటించి బలవంతం చేస్తే లోపలి అంచు విరిగిపోతుంది.

బిగింపు గురించి ఒక మాట. సెన్సర్ అక్షం మెయిన్ షాఫ్ట్‌కు సమాంతరంగా ఉండాలి కనుక గైరో కూర్చునే పలక షాఫ్ట్‌కు సరిగ్గా లంబంగా ఉండాలి. పెట్టెతో ఇచ్చే నురగ టేపు రెండు పనులు చేస్తుంది: అతికిస్తుంది, కంపనాన్ని మింగుతుంది. ఇంధన ఇంజన్ ఉన్న హెలికాప్టర్‌లో నూనె పడి టేపు జిగురు వదులుతుంది కనుక పలకను ముందు స్పిరిట్‌తో తుడవడం, అప్పుడప్పుడు అంచులు లేచాయేమో వేలితో తడిమి చూడడం మంచిది. వైర్లను ఫ్రేముకు బిగించి కట్టేస్తే ఆ వైర్ల గుండానే కంపనం గైరోకు చేరి టేపు చేసిన మేలు వృథా అవుతుంది. పెట్టె దగ్గర కొంత వదులు ఉంచి, ఆ తరువాతే కట్టాలి. బెల్టుతో తోక నడిచే మోడళ్లలో మరొక తలనొప్పి ఉంది: బెల్టు రాపిడికి బూమ్‌లో, అంటే తోక గొట్టంలో, స్థిర విద్యుత్తు పోగవుతుంది. అది చిటుక్కుమని ఫ్రేముకు దూకినప్పుడల్లా తోక ఒక్కసారిగా ఉలిక్కిపడుతుంది. బూమ్‌కూ లోహపు ఫ్రేముకూ మధ్య ఒక సన్నని తీగ వేస్తే అది పోతుంది. గైరోకు దీనిలో ఏ పాత్రా లేదు.

ఇక ట్రాన్స్‌మిటర్. కొత్త మోడల్ మెమరీ తెరిచి, రడ్డర్ (తోకను తిప్పే చానెల్) మధ్యస్థానాన్ని జరిపే ట్రిమ్, సబ్‌ట్రిమ్ సున్నా చేసి, రివల్యూషన్ మిక్సింగ్ పూర్తిగా తీసేయాలి. గైరో లేని రోజుల్లో త్రాటిల్‌తో పాటు తోక కోణం మార్చడానికి పుట్టిన ఆ మిక్సింగ్ ఏవీసీఎస్‌లో ఉంటే, పైలట్ పవర్ పెంచిన ప్రతిసారీ గైరోకు తిరగమనే ఆజ్ఞ అందినట్టవుతుంది. గెయిన్ వైరును ఐదో చానెల్‌కు గాని, రేడియోలో గైరోకు కేటాయించిన చానెల్‌కు గాని తగిలించాలి. ఆ చానెల్ ఒక వైపుకు పోతే ఏవీసీఎస్, రెండో వైపుకు పోతే నార్మల్. మధ్య నుంచి ఎంత దూరం పోతే గెయిన్ అంత ఎక్కువ. ఇక్కడే కొందరు తికమకపడతారు. కొన్ని ఫుటాబా ట్రాన్స్‌మిటర్ల గైరో మెనూలో మామూలు రకాన్ని ఎంచుకుంటే 50 శాతం అంటే గెయిన్ సున్నా అని అర్థం. 50కి పైన ఒక మోడ్, కింద మరొక మోడ్. జివై రకాన్ని ఎంచుకుంటే మోడ్ పేరూ, ఆ మోడ్‌లో గెయిన్ శాతమూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండోదాన్ని వాడడమే మేలు. స్విచ్చి ఏ స్థానంలో ఏ మోడ్ వస్తుందో గైరో మీది దీపం చూసి నిర్ధారించుకోవచ్చు: ఏవీసీఎస్‌లో అది నిలకడగా వెలుగుతుంది, నార్మల్‌లో ఆరిపోతుంది. బ్యాటరీ కలిపాక కొన్ని సెకన్ల పాటు మోడల్‌నూ రడ్డర్ స్టిక్‌నూ ముట్టుకోకూడదు. ఆ వ్యవధిలోనే గైరో తన నిశ్చల స్థితిని తెలుసుకుంటుంది. గాలికి ఊగే చోట, లేదా చేతిలో పట్టుకుని బ్యాటరీ కలపడం మంచి అలవాటు కాదు.

దిశలు రెండున్నాయి, రెండూ వేరువేరు. స్టిక్‌ను కుడికి తోస్తే తోక బ్లేడ్లు ముక్కును కుడికి తిప్పే వైపు వాలాలి. అది తప్పితే ట్రాన్స్‌మిటర్‌లోని సర్వో రివర్స్‌తో సరిచేయాలి. ఆ తరువాత స్టిక్‌ను వదిలేసి, హెలికాప్టర్‌ను చేతితో పట్టుకుని ముక్కును చటుక్కున ఎడమకు తిప్పాలి. కుడి స్టిక్ ఇచ్చినప్పుడు స్లైడర్ (తోక షాఫ్ట్ మీద జరుగుతూ బ్లేడ్ల కోణం మార్చే భాగం) ఎటు జరిగిందో ఇప్పుడు కూడా అటే జరగాలి. జరగకపోతే గైరో మీది దిశ స్విచ్చిని మార్చాలి, ట్రాన్స్‌మిటర్‌ను కాదు. ఈ రెండో పరీక్ష చేయకుండా రోటర్ తిప్పితే, గైరో తిరుగుడును ఆపడానికి బదులు దానికి ఊతమిస్తుంది. మోడల్ నేల మీద నుంచే గిరగిరా తిరిగిపోతుంది. చూసేవారికి గైరో పిచ్చెక్కినట్టుంటుంది గాని, పాపం అది చెప్పిన పనే చేస్తోంది.

ఇప్పుడు అసలు ఘట్టం. స్విచ్చిని నార్మల్‌లో ఉంచి, సర్వో చెయ్యి పుష్‌రాడ్‌కు (సర్వోను స్లైడర్‌తో కలిపే కడ్డీకి) సరిగ్గా లంబంగా నిలిచేలా సర్వో షాఫ్ట్ పళ్ల మీద కూర్చోబెట్టాలి. ఒక పన్ను అటూ ఇటూ తేడా వస్తే సర్వోనే బూమ్ మీద కాస్త ముందుకో వెనక్కో జరపవచ్చు, సబ్‌ట్రిమ్ జోలికి పోనక్కరలేదు. ఆ స్థితిలో తోక స్లైడర్ తన మార్గానికి దాదాపు మధ్యలో ఉండి, బ్లేడ్లు కొన్ని డిగ్రీలు ఎదురుతిప్పుడును ఆపే వైపు వాలి ఉండాలి. రెండు బ్లేడ్లను ఒకే వైపుకు మడిచి పక్కనుంచి చూస్తే వాటి అంచుల మధ్య కొద్దిపాటి ఎడం కనిపిస్తుంది. బల్ల మీద ఇంతకంటే కచ్చితంగా తేల్చలేము, మిగతాది గాలిలో తేలవలసిందే. గాలి లేని పూట నార్మల్ మోడ్‌లో హోవర్ చేసి, అంటే గాలిలో ఒకేచోట నిలిపి, ముక్కు ఎటు జారుతుందో చూడాలి. ఎడమకు జారితే బ్లేడ్ల వాలు చాలలేదు, కుడికి జారితే ఎక్కువైంది. దించి, పుష్‌రాడ్ కొసనున్న బాల్ లింక్ (గుండు కీలు) ఊడదీసి, ఒకటి రెండు చుట్లు తిప్పి పుష్‌రాడ్ పొడవు మార్చి, మళ్లీ లేపాలి. ట్రిమ్ బటన్ నొక్కితే ఇది క్షణంలో సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోతుంది, కాని నార్మల్‌లో మాత్రమే. ఏవీసీఎస్‌లో రడ్డర్ స్టిక్ సర్వో స్థానాన్ని కాక తిరుగుడు వేగాన్ని ఆజ్ఞాపిస్తుంది కనుక ఆ ట్రిమ్ ‘నెమ్మదిగా తిరుగుతూ ఉండు’ అనే ఆజ్ఞగా మారిపోతుంది. అప్పుడు హెడింగ్ హోల్డ్‌లో ఉన్న హెలికాప్టర్ మెల్లగా ఒక వైపుకు తిరుగుతుంది, దాని యజమాని గైరో డ్రిఫ్ట్ అవుతోందని వాపోతాడు.

పుష్‌రాడ్ పని పూర్తయ్యాక స్విచ్చిని నార్మల్, ఏవీసీఎస్ మధ్య వెంటవెంటనే మూడుసార్లు అటూ ఇటూ వేస్తే గైరో అప్పటి రడ్డర్ స్థానాన్ని కొత్త మధ్యగా గుర్తుపెట్టుకుంటుంది, సర్వో మధ్యకు వచ్చి నిలుస్తుంది. చిన్న సదుపాయమే గాని మైదానంలో చాలా ఉపయోగపడుతుంది. బల్ల మీద ఏవీసీఎస్‌లో ఉంచినప్పుడు కొత్తవారిని బెదరగొట్టే దృశ్యం ఒకటుంది. స్టిక్‌ను కొద్దిగా కదిపి వదిలేస్తే సర్వో మధ్యకు తిరిగి రాదు, వెళ్లిన చోటే ఉంటుంది. ఒక్కోసారి ఏమీ చేయకపోయినా స్లైడర్ నత్తనడకన ఒక కొసకు చేరుకుంటుంది. ఇది లోపం కాదు. గైరో తిరగమని అడిగింది, బల్ల మీది మోడల్ తిరగలేదు, లెక్క తీరలేదు కనుక ఇంకా తోస్తోంది. అలా కొసకు చేరిన స్లైడర్‌తోనే రోటర్ తిప్పి లేపితే తోక ఒక్కసారి విసిరినట్టు తిరుగుతుంది. కనుక లేపే ముందు బ్లేడ్ల వాలు ఒకసారి చూసుకోవాలి.

లిమిట్ మర సర్వో ఎంత దూరం పోవాలో నిర్ణయిస్తుంది. స్టిక్‌ను పూర్తిగా ఒక వైపు పట్టుకుని, స్లైడర్ హబ్‌కు గాని గేర్‌బాక్సుకు గాని ఆనకముందే, వెంట్రుకవాసి ఎడంతో ఆగేలా తిప్పాలి. సర్వో మూలుగుతోందంటే ఆనిందని అర్థం. అయితే ఆ మర ఏ గీత దగ్గర ఆగిందన్నది కూడా చూడవలసిన విషయమే. అది 100 గీతకు చాలా కింద ఉంటే సర్వో చేతి మీద బాల్ మరీ దూరపు రంధ్రంలో ఉందన్నమాట. సర్వో తన కదలికలో కొంత భాగంతోనే మొత్తం పని ముగిస్తోంది, సూక్ష్మత అంత మేరకు పోయింది. బాల్‌ను లోపలి రంధ్రంలోకి మారిస్తే లిమిట్ మళ్లీ 100 దగ్గరికి వస్తుంది. హోవర్‌లో తోక సన్నగా వణకడం దీనితోనే ఆగిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను. మరీ లోపలికి పోతే స్లైడర్ కొసలకు చేరదు, కదలిక మందగిస్తుంది. నా ఫిర్యాదు ఒకటి ఇక్కడే ఉంది: రెండు వైపులకూ ఒకటే లిమిట్ మర. స్లైడర్ మార్గం ఒక వైపు పొడవు, మరొక వైపు పొట్టి అయిన తోకల్లో పొట్టి వైపుకు అనుగుణంగా అమర్చి, రెండో వైపు మిగిలిన కదలికను వదులుకోవాలి. రెండు వైపులా విడివిడిగా కొసలు గుర్తించే కొత్త గైరోలు ఈ విషయంలో స్పష్టంగా మెరుగు.

డీఎస్ స్విచ్చి గురించి హెచ్చరిక తప్పనిసరి. దాన్ని ఆన్ చేస్తే గైరో డిజిటల్ సర్వోకు సెకనుకు 270 సార్లు ఆజ్ఞలు పంపుతుంది. అనలాగ్ సర్వో ఆ వేగాన్ని తట్టుకోలేదు. వేడెక్కి కాలిపోతుంది. సర్వో తగిలించక ముందే ఆ స్విచ్చి ఎటుందో చూడాలి. ఇక ఈ గైరోకు తగిన జోడీ ఏదంటే ఎస్9254. 4.8 వోల్టుల దగ్గర 60 డిగ్రీలను 0.06 సెకన్లలో దాటుతుంది. కాస్త నిదానమైన ఎస్9253కు అదే దూరానికి 0.08 సెకన్లు పడుతుంది. హోవర్‌లో, సాధారణ విన్యాసాల్లో ఈ రెండింటి తేడా కనిపెట్టడం కష్టం. గబగబా తిరుగుతూ ఒక్కసారిగా ఆగవలసినప్పుడు మాత్రం ఎస్9254 తేలికగా గెలుస్తుంది. జివై601 జోడీగా వచ్చిన ఎస్9251 వంటివి, అంటే మధ్యలో నిలిపే సంకేతపు నిడివి 760 మైక్రోసెకన్లు ఉండే సర్వోలు, దీనికి పనికిరావు. ఇది 1520 మైక్రోసెకన్ల మధ్య పల్స్‌తో పనిచేసే సర్వోలకే పరిమితం. వాడిన సర్వో కొనేటప్పుడు ఈ సంఖ్య చూసుకోకపోతే సర్వో ఒక కొసకు పోయి ఆనుకుని అక్కడే ఉంటుంది.

గెయిన్‌ను అంకెతో చెప్పమని అందరూ అడుగుతారు. నేను చెప్పను, చెప్పినా మీ మోడల్‌కు పనికిరాదు. 50, 60 మధ్య ఎక్కడో మొదలుపెట్టి, తోక వణికేదాకా పెంచి, వణుకు ఆగేదాకా తగ్గించడమే దీనికి ఉన్న దారి. ఆ వణుకు ఎలాంటిదో చూడడంలోనే అనుభవం తెలుస్తుంది. సన్నగా, గబగబా వణికితే గెయిన్ ఎక్కువైంది. నెమ్మదిగా, తోక వెడల్పుగా అటూ ఇటూ ఊగితే గెయిన్ తగ్గించేముందు లింకేజీ చూడాలి. స్లైడర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపితే సర్వో చెయ్యి కదలకుండానే అది జరుగుతోందా? బాల్ లింక్ బిగుతై పుష్‌రాడ్ చేతికి తేలికగా ఆడడం లేదా? బూమ్ మీది గైడ్లు ఒకదానికొకటి వంకరగా ఉండి రాడ్‌ను పట్టేస్తున్నాయా? రాడ్‌ను సర్వో నుంచి ఊడదీసి, బూమ్‌ను నిలువుగా పట్టుకుంటే రాడ్, స్లైడర్ తమ బరువుకే జారాలి. నేను ఇతరుల మోడళ్లు సరిచేయడానికి కూర్చున్నప్పుడు మొదట చేసే పరీక్ష ఇదే. గైరో దాకా పోకముందే చాలా తోకలు ఇక్కడ కుదుటపడతాయి. గెయిన్ చాలకపోతే దాని గుర్తులు వేరు: పవర్ ఒక్కసారిగా పెంచినప్పుడు ముక్కు కాస్త పక్కకు పోయి తిరిగి వస్తుంది, తిరుగుడు ఆపినప్పుడు తోక ఆగవలసిన చోటు దాటి వెనక్కి వస్తుంది.

హోవర్‌కూ ఐడిల్ అప్‌కూ (విన్యాసాల కోసం రోటర్ వేగం ఎక్కువగా ఉంచే మోడ్‌కూ) వేరువేరు గెయిన్ పెట్టడం తప్పనిసరి. రోటర్ వేగం 10 శాతం పెరిగితే, అదే కోణం దగ్గర తోక తోపు 21 శాతం పెరుగుతుంది. తోపు వేగపు వర్గంతో పెరుగుతుంది మరి. కనుక హోవర్‌లో అద్దంలా నిలిచిన తోక ఐడిల్ అప్‌లోకి మారగానే వణకడం సహజం. ఇక్కడ జివై401 ట్రాన్స్‌మిటర్ నుంచి గెయిన్ మార్చనివ్వడం ఎంత మేలో తెలుస్తుంది. ఫ్లైట్ మోడ్ మారగానే గెయిన్ కూడా మారుతుంది, పైలట్ ఏమీ చేయనక్కరలేదు. డిలే మర నిదానపు సర్వోల కోసం ఉద్దేశించింది. తిరుగుడు ఆపినప్పుడు తోక దాటిపోయి వెనక్కి కొట్టుకుంటుంటే దాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. వేగమైన డిజిటల్ సర్వో ఉన్నవారు దాన్ని సున్నా దగ్గరే ఉంచాలి. తిరుగుడు వేగం ఎక్కువో తక్కువో అనిపిస్తే గైరోను ముట్టుకోనక్కరలేదు. ఏవీసీఎస్‌లో ఆ వేగాన్ని ట్రాన్స్‌మిటర్‌లో రడ్డర్ చానెల్ పరిధిని మార్చే ఏటీవీ నిర్ణయిస్తుంది, స్టిక్ మధ్యలో మెత్తదనాన్ని ఎక్స్‌పొనెన్షియల్ అనే అమరిక నిర్ణయిస్తుంది.

ఇన్ని మాటలు దీని పక్షాన చెప్పినా, నేటి అవసరాలకు ఇది వెనకబడ్డ చోట్లు లేకపోలేదు. 4.8 లేదా 6 వోల్టుల రిసీవర్ బ్యాటరీల కాలంలో పుట్టింది కనుక రెండు సెల్స్ లైపో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వకూడదు, మధ్యలో రెగ్యులేటర్ ఉండాలి. తోక రెండు వైపులా ఆగే తీరును విడివిడిగా మలచుకునే వీలు లేదు. ఎదురుతిప్పుడు ఒకే వైపు ఉంటుంది కనుక కుడికి తిరిగి ఆగడం, ఎడమకు తిరిగి ఆగడం ఎన్నడూ ఒకేలా ఉండవు. కొత్త పరికరాలు ఆ తేడాను సరిదిద్దుతాయి, ఇది సరిదిద్దదు. ఫ్లైబార్ లేని హెలికాప్టర్ నడిపేవారికి దీనితో అసలు పనే లేదు, ఎందుకంటే వారి కంట్రోలర్‌లోనే మూడు అక్షాల గైరోలు ఉంటాయి. అంచుదాకా పోయే త్రీడీ విన్యాసాలు చేసేవారికి కూడా దీన్ని సిఫారసు చేయను. ఫ్లైబార్ మోడల్‌తో హోవర్, ముందుకు ఎగరడం, లూపులు, రోల్స్ వరకు నేర్చుకుంటున్నవారికి మాత్రం ఇప్పటికీ నిస్సంకోచంగా చెబుతాను. నార్మల్ మోడ్‌లో పక్కగాలికి తోక గాలిపటం తోకలా కొట్టుకుపోయి ముక్కు గాలికి ఎదురు తిరగడం ఒకసారి చూశాక, ఏవీసీఎస్ తమకు ఏం చేసిపెడుతోందో వారికి స్పష్టమవుతుంది.

వాడినది కొనేటప్పుడు నకిలీల విషయంలో జాగ్రత్త అవసరం. ఇదే రూపంతో, ఇదే అక్షరాలతో వచ్చిన నకళ్లు చాలా కాలంగా తిరుగుతున్నాయి. పై అక్షరాల అచ్చు అలుక్కుపోయినట్టు ఉండడం, మరల చుట్టూ గీతలు సమంగా లేకపోవడం అనుమానించదగ్గ గుర్తులు. అసలు పరీక్ష మాత్రం బల్ల మీదే చేయాలి. గైరోను సర్వోకు తగిలించి, నార్మల్‌లో చేతితో అటూ ఇటూ తిప్పి చూడండి. సర్వో రెండు వైపులా సమానంగా స్పందించి, కదలిక ఆగగానే తటపటాయించకుండా మధ్యకు రావాలి. ఆ తరువాత ఏవీసీఎస్‌లో పెట్టి, స్టిక్ ముట్టుకోకుండా, కదలని బల్ల మీద కాసేపు వదిలేయండి. మెల్లగా జారడం మామూలే, కొన్ని క్షణాల్లోనే కొసకు పరుగెడితే సెన్సర్ పాడైందని అనుకోవచ్చు. లిమిట్, డిలే మరలను కొసనుంచి కొసకు నిదానంగా తిప్పుతూ సర్వోను గమనించండి. మధ్యలో ఎక్కడైనా అది గిలగిల్లాడితే ఆ మర లోపల అరిగిపోయింది. చివరిగా, గెయిన్ వైరు పెట్టెలోకి దూరే చోట వంచి చూడండి, లోపల తెగిన పోగు అక్కడే దాక్కుంటుంది.